చిన్న కుక్క అని కొన్నది వేటకుక్క

"చిన్న జాతి సార్, ఫ్లాటుకు చక్కగా సరిపోతుంది, పిల్లలతో బాగా కలిసిపోతుంది." బీగిల్ పిల్లలను అమ్మేవారు చెప్పే ఈ వాక్యంలో మొదటి మాట నిజం. చివరి మాట చాలావరకు నిజం. నడిమి మాట మాత్రం అబద్ధం. ఆ అబద్ధాన్ని నమ్మి కొన్నవారి ఇళ్లలో, హైదరాబాదు మొదలుకొని విశాఖపట్నం వరకు, బాల్కనీ గ్రిల్లుకు ముక్కు ఆనించి పగలల్లా అరిచే కుక్కలు కనిపిస్తున్నాయి. పక్క ఫ్లాటువారు విసుక్కుంటారు. సంక్షేమ సంఘం కార్యదర్శి లిఫ్టు పక్కన నోటీసు అంటిస్తాడు. యజమాని కుక్కను తిడతాడు. అది ఎందుకు అరుస్తున్నదో అడిగేవారు అరుదు.

నేను పశువైద్యుణ్ణి కాను. ప్రభుత్వాసుపత్రులలో మనుషులకు వైద్యం చేసి పదవీవిరమణ పొందినవాణ్ణి. అయినా ఈ విషయం మీద రాయడానికి కారణముంది. ఈ కుక్కల కథలు చివరకు మనుషుల వైద్యుల వద్దకే వస్తున్నాయి. తుంటి ఎముక విరిగిన తల్లి రూపంలో, చెయ్యి కరిపించుకున్న మనవడి రూపంలో, నెలల తరబడి నిద్రలేని ఇల్లాలి రూపంలో వస్తున్నాయి. కనుక నా అభిప్రాయాన్ని మెత్తబరచకుండా చెబుతాను. రోజుకు కనీసం గంటసేపు దానితో బయట నడిచే మనిషి, పగటిపూట ఇంట్లో దానికి తోడుండే మనిషి లేని కుటుంబం బీగిల్‌ను తెచ్చుకోకూడదు. పిల్లవాడు మారాం చేసినా తేకూడదు. పుట్టినరోజు కానుకగా ఎవరైనా ఉచితంగా ఇచ్చినా పుచ్చుకోకూడదు.

బీగిల్ ఇంగ్లండులో కుందేళ్ల వేట కోసం తరతరాలుగా ఎంపిక చేసి తయారుచేసిన జాతి. భుజం వద్ద ఎత్తు 33 నుండి 40 సెంటీమీటర్లు, బరువు పది కిలోల దరిదాపు. గ్రేహౌండ్ వంటి కుక్క కుందేలును కంటితో చూసి తరుముతుంది. బీగిల్‌కు కుందేలు కనబడనక్కరలేదు. అది వెళ్లిన దారిలో గడ్డిని అంటుకొని మిగిలిన వాసన చాలు. ముక్కు నేలకు ఆనించి, పొలాలు, పొదలు, కంచెలు దాటుకుంటూ ఆ జాడను గంటల తరబడి అనుసరిస్తుంది. వేటగాళ్లు గుర్రమెక్కకుండా కాలినడకన దాని వెనుక పోయేవారు. పొడుగు కాళ్ల కుక్క అయితే మనిషికి అందదు. అందువల్లనే పొట్టి కాళ్ల కుక్కలను ఏరి పెంచారు. అంటే మనం ఫ్లాటుకు సరిపోయే పరిమాణం అనుకొని మురిసిపోతున్నది, రోజంతా పొలాల వెంట దాని వెనుక నడిచే మనిషి కోసం ఏర్పడిన పరిమాణం.

బీగిల్‌లో మనకు నచ్చనివన్నీ ఇలాగే ఒక పని కోసం పుట్టినవి. జాడ దొరకగానే తల పైకెత్తి, గొంతు సాగదీసి అది చేసే ధ్వని మామూలు మొరుగుడు కాదు. వెనుక ఎక్కడో ఉన్న వేటగాడికి "ఇటు రండి" అని పంపే కబురు. అర మైలు వినబడాలనే ఆ గొంతును పెంచారు. అది ఇప్పుడు మూడో అంతస్తు కారిడారులో మారుమోగుతున్నదని ఫిర్యాదు చేస్తున్నాం. జాడ మీద ఉన్నప్పుడు పిలిస్తే రాదని మరొక ఫిర్యాదు. ప్రతి పిలుపుకూ వెనక్కి తిరిగి చూసే కుక్క వేటకు పనికిరాదు. ఎవరు పిలిచినా జాడ వదలని కుక్కలనే వారు ఏరుకున్నారు. మొండితనం అని మనం పేరు పెట్టినది ఆనాడు ఉద్యోగార్హత. ఒంటరిగా వదిలితే ఏడుస్తుందని ఇంకొక ఫిర్యాదు. అది మందలో పుట్టి, మందలో పెరిగి, మందతో కలిసి పరుగెత్తిన జాతి. ఉదయం తొమ్మిదికి తల్లిదండ్రులు ఆఫీసుకూ పిల్లలు బడికీ పోయి, సాయంత్రం ఏడింటికి తిరిగివచ్చే ఇంట్లో అది పది గంటలు ఒంటరి ఖైదు అనుభవిస్తుంది.

ఇంగ్లండులోనే 2004 నాటి వేట చట్టం కుక్కల మందతో కుందేళ్లను వేటాడడాన్ని నిషేధించింది. పని పోయింది, పనిమంతురాలు మిగిలింది. ఆ ముక్కుకు వేరే పని చూపినవారు లేకపోలేదు. అమెరికా వ్యవసాయశాఖ 1984లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో బీగిళ్లకు ఉద్యోగమిచ్చింది. ప్రయాణికుల సామాను మధ్య తిరిగి, నిషిద్ధమైన పండ్లను, మాంసాన్ని వాసనతో పట్టి చూపడం వాటి విధి. మనవాళ్లు కొడుకు కోసం మోసుకుపోయే మామిడిపండ్లను, ఊరగాయ సంచి అడుగున దాచినా సరే, పట్టించేది తరచుగా ఆ పొట్టి కుక్కే. అటువంటి ముక్కును మనం తెచ్చి, గోడకు పెయింటు, నేలకు ఫినాయిలు తప్ప మరొక వాసన లేని హాలులో కూర్చోబెట్టాం.

ఒక పరిచయస్తుడు ఒకనాడు ఫోను చేశాడు. "డాక్టరు గారూ, మా చంటి రాత్రిళ్లు నిద్రపోవడం లేదండి. సోఫా అంతా చింపేసింది. అమ్మకు మీరు రాసిన నిద్రమాత్ర అర ముక్క దానికి వేయవచ్చా?" చంటి అంటే పిల్లవాడు కాదని నాకు తెలుసు. రోజుకు ఎంతసేపు నడిపిస్తారని అడిగాను. "వాచ్‌మన్ పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు కిందికి తీసుకెళతాడండి. కాలకృత్యాలు అయిపోగానే తెచ్చేస్తాడు." లెక్క వేయండి. ఇరవై నాలుగు గంటలలో ఇరవై నిమిషాలు. మిగిలిన ఇరవై మూడు గంటల నలభై నిమిషాలు పన్నెండువందల చదరపు అడుగులలో. జైలు ఖైదీకి కూడా ఇంతకంటే ఎక్కువ ఆరుబయలు దొరుకుతుంది.

మాత్ర ఇవ్వవద్దన్నాను. ఆ రకం మత్తు మాత్రలు కొన్ని కుక్కలలో నిద్రకు బదులు మరింత ఉద్రేకం కలిగిస్తాయి. అసలు మనుషుల మందులపెట్టె నుండి ఏదీ కుక్క నోట్లో వేయరాదు. నొప్పికి మనం ఇష్టారాజ్యంగా మింగే ఐబుప్రొఫెన్ కుక్కకు కడుపులో పుండ్లు పుట్టించి, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పారాసెటమాల్ కూడా పశువైద్యుడు చెప్పకుండా ముట్టరాదు. అయితే నా అభ్యంతరం మందు గురించి మాత్రమే కాదు, రోగనిర్ణయం గురించి. జ్వరం రోగం కాదని, రోగలక్షణమని వైద్యవిద్యలో మొదటి ఏడాదే నేర్పుతారు. సోఫా చింపడం, తలుపు గీకడం, అదే పనిగా అరవడం, తన పాదాలను పుండు పడేవరకు నాకుకోవడం, ఇవి లక్షణాలు. రోగం పనిలేమి. రోగి కుక్క అయినా రోగకారణం మనుషుల దినచర్యలో ఉంది. వాసన లేదు, పరుగు లేదు, తోడు లేదు. దీనికి మాత్ర రాసేవాడు వైద్యుడు కాడు, ఫిర్యాదులను అణచివేసే పోలీసువాడు. కొందరు ఇంకా ముందుకు పోయి, అరుపు వినబడకుండా గొంతులోని స్వరతంతువులను కత్తిరించే శస్త్రచికిత్స చేయిస్తారట. ఆకలితో ఏడ్చే బిడ్డ నోరు కుట్టడానికీ దానికీ నాకు తేడా తెలియదు.

ఇది దయాదాక్షిణ్యాలకు సంబంధించిన విషయం మాత్రమే అని అనుకునేవారికి ఒక చట్టాన్ని గుర్తు చేస్తాను. రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితంగా వచ్చిన 1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టంలో పదకొండవ సెక్షన్ ఉంది. కొట్టడం, అతిభారం మోయించడం, ఆకలికి మాడ్చడం వంటి వాటితో పాటు, అలవాటుగా కట్టివేసి గాని ఇరుకున బంధించి గాని ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడాన్ని కూడా ఆ సెక్షన్ క్రూరత్వంగానే లెక్కించింది. కారణం లేకుండా జంతువును వదిలివేయడమూ అందులోనే నేరం. మనం ఇంట్లో గారాబంగా, ఏసీ వేసి, పరుపు మీద పడుకోబెట్టి చేస్తున్నది చట్టం దృష్టిలో క్రూరత్వమని ఎంతమంది యజమానులకు తెలుసు? మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుండి యాభై రూపాయల వరకు. ఆ మొత్తానికి ఈనాడు ఒక పూట టిఫిను కూడా రాదు. చట్టం చేసినవారికి దృష్టి ఉంది, ఆ జరిమానాను కాలానికి తగినట్లు పెంచనివారికి లేదు.

అమ్మేవారిని కూడా వదలకూడదు. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. కాని ముప్ఫై, నలభై రోజుల పిల్లను అట్టపెట్టెలో పెట్టి బస్సులో పంపించే వ్యాపారం మన కళ్లముందే సాగుతున్నది. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఉన్న ఆ వారాలలోనే పిల్ల ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పి పుడుతుందో నేర్చుకుంటుంది. ఆ పాఠం నేర్వకముందే కొనుక్కువచ్చి, తరువాత "కొరుకుతోంది" అని వాపోవడం మనకు అలవాటైంది.

ఇక నా సొంత వృత్తివారితో నాకున్న తగాదా. పిల్లవాడు సెల్‌ఫోను వదలడం లేదు, ఒక కుక్కను కొనిపెట్టండి. నాన్నగారికి బీపీ తగ్గడం లేదు, కుక్క ఉంటే నడుస్తారు. అమ్మగారికి ఒంటరితనం, కుక్క తోడుంటుంది. ఇటువంటి సలహాలు వైద్యుల నోటి నుండి, సలహాదారుల నోటి నుండి తరచుగా వింటున్నాను. కుక్క ఉన్నవారు ఎక్కువ నడుస్తారని, వారి గుండెకు మేలు జరిగే అవకాశముందని చెప్పే పరిశోధనలు ఉన్నమాట నిజమే. వాటన్నింటినీ పరిశీలించి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో ఒక శాస్త్రీయ ప్రకటన వెలువరించింది. పెంపుడు జంతువు, ముఖ్యంగా కుక్క, గుండెజబ్బుల ముప్పు తగ్గడానికి తోడ్పడవచ్చునని అందులో ఉంది. మనవారు ఉటంకించేది అంతవరకే. గుండెజబ్బు ముప్పు తగ్గించుకోవడమే ముఖ్యోద్దేశంగా పెంపుడు జంతువును తెచ్చుకోకూడదని కూడా అదే ప్రకటన స్పష్టంగా చెప్పింది. ఆ రెండో భాగాన్ని ఎవరూ చదివినట్లు లేదు.

కారణం సులభమే. నడిచేది మీరు. కుక్క మిమ్మల్ని నడిపించదు. షుగరు బయటపడి, వైద్యుడు హెచ్చరించి, భార్య బతిమాలినా లేవని మనిషి కుక్క కోసం లేస్తాడని అనుకోవడం ఆశ. మొదటి నెల లేస్తాడు. రెండో నెల వాన. మూడో నెల వాచ్‌మన్. మందు వాడకపోతే సీసా అలమరలో పడి ఉంటుంది, దానికి బాధ లేదు. ఈ "మందు" పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతుంది, తలుపు వైపు చూస్తూ.

తెలుగు ఇళ్లకు ప్రత్యేకమైన మరొక కథ ఉంది. ఇంజనీరింగు చదివే కొడుకు ముచ్చటపడి బీగిల్‌ను తెస్తాడు. రెండేళ్లకు వీసా వస్తుంది. విమానాశ్రయంలో కళ్లనీళ్లు పెట్టుకొని కుక్కను తల్లిదండ్రులకు అప్పగించి టెక్సాసుకు వెళ్లిపోతాడు. ఆనాటి నుండి ఆ కుక్క ఏడుపదుల తండ్రికో, మోకాళ్ల నొప్పుల తల్లికో బాధ్యత. "నాన్నా, దాన్ని జాగ్రత్తగా చూసుకోండి" అని వీడియో కాల్‌లో రోజూ చెబుతాడు. నాన్నను జాగ్రత్తగా చూసుకొమ్మని ఆ కుక్కకు చెప్పేవారెవరు?

బీగిల్ బరువు పది కిలోలే కదా, ఏం చేస్తుంది అనవచ్చు. ప్రమాదం బరువులో లేదు, కుదుపులో ఉంది. కాపలా జాతి కుక్క ఎదుట ఏదైనా కనబడినప్పుడు లాగుతుంది, అది మనకూ కనబడుతుంది గనుక కాలు నిలదొక్కుకుంటాం. బీగిల్ మనకు కనబడని దానికోసం లాగుతుంది. నిదానంగా పక్కన నడుస్తున్నదల్లా పిల్లి పోయిన వాసన తగలగానే ఒక్కసారి పక్కకు దూకుతుంది. పట్టీని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకొని, హవాయి చెప్పులతో, కంటి పొరకు ఇంకా ఆపరేషను చేయించుకోని మనిషి ఆ క్షణంలో ఏమవుతాడో ఎముకల వైద్యులను అడగండి. అమెరికాలో అరవై అయిదేళ్లు దాటినవారికి కుక్కను నడిపిస్తుండగా జరిగిన ఎముకల విరుగుళ్లు 2004, 2017 సంవత్సరాల మధ్య రెండింతలకు మించి పెరిగాయని 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. వాటిలో తుంటి విరుగుడు ముఖ్యమైనది. ముసలితనంలో తుంటి విరగడమంటే ఒక ఎముక విరగడం కాదు. మంచం, పుండ్లు, ఊపిరితిత్తుల వాపు, కాళ్లలో రక్తం గడ్డకట్టడం. ఆ మంచం నుండి లేవనివారిని నా ఉద్యోగకాలంలో చాలామందిని చూశాను. కుక్క మీద కోపం తెచ్చుకోవలసిన పని లేదు. అది తన కులవృత్తి చేసింది. కోపం రావలసింది డెబ్బై ఏళ్ల మనిషి చేతికి వేటకుక్క పట్టీ ఇచ్చి పోయినవాడి మీద.

నడవలేని ఆ పెద్దలు తమ ప్రేమను మరో దారిన చూపుతారు. పెరుగన్నం, నెయ్యి వేసిన ఇడ్లీ, టీ తాగేటప్పుడు రెండు బిస్కెట్లు. బీగిల్‌కు తిండి విషయంలో చాలు అన్న మాట తెలియదు. విమానాశ్రయంలో దానిచేత పని చేయించగలిగేది కూడా ఆ తిండియావ వల్లనే. లాబ్రడార్ మరొక ఉదాహరణ. అదీ వేటకుక్కే, కాల్చి పడేసిన పక్షులను నీటిలో నుండి నోట కరచుకొని తెచ్చే జాతి. లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతు వాటికి ఆకలిని అదుపు చేసే ఒక జన్యువులో లోపమున్నదని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 2016లో కనుగొన్నారు. అటువంటి కుక్క కళ్లలోకి చూసి "పాపం ఆకలిగా ఉంది" అనుకోవడం మన అమాయకత్వం. పది కిలోల దేహానికి రెండు కిలోలు పెరగడమంటే డెబ్బై కిలోల మనిషికి పద్నాలుగు కిలోలు పెరగడం. ఇక పండుగనాడు పెట్టే చక్కెరపొంగలిలోని కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలకు విషం. చాక్లెట్టు, ఉల్లిపాయ కూడా పెట్టరానివే.

కరిచినప్పటి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ప్రాణం పోతుంది. బీగిల్ సాధారణంగా సాధుజీవి. ప్రయోగశాలలవారు తమ పరీక్షల కోసం తరచుగా ఈ జాతినే ఎన్నుకున్నది కూడా అది ఎదురుతిరగదనే, ఆ దుర్మార్గం గురించి మరొకసారి రాస్తాను. కాని వ్యాయామం లేక, నిద్ర లేక, తిండిగిన్నె దగ్గర అసహనంగా ఉన్న ఏ సాధుజీవి అయినా ఒకనాడు పసిపిల్ల చేతిని పట్టుకుంటుంది. అప్పుడు మనవారు అనే మాట "మన కుక్కే కదా, ఇంజెక్షన్లు ఎందుకు?" రేబిస్ వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణాలు మొదలైన తరువాత దానికి వైద్యం లేనట్లే. బాల్కనీలో కూర్చున్న కుక్కకు రేబిస్ ఎక్కడిదంటే, వాచ్‌మన్ కిందికి తీసుకువెళ్లిన ఆ పది నిమిషాలలో ఏ కుక్కతో కలబడిందో మీకు తెలుసా? దానికి టీకా కార్డు ఉందా? మూడు నెలల వయసులో వేసిన టీకా తరువాత ఏడాదికి మళ్లీ వేయించారా? చాలా ఇళ్లలో ఆ కార్డు మొదటి పేజీతో ఆగిపోతుంది.

చర్మం తెగితే చేయవలసినది ఇది. కారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగాలి. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి ఏదీ పెట్టరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే టీకా మొదటి రోజు, తరువాత 3, 7, 28వ రోజులలో వేస్తారు. రక్తం వచ్చేలా కరిచి ఉంటే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. కుక్కను పది రోజులు గమనించమనడం నిజమే గాని, ఆ పది రోజులు టీకా మొదలుపెట్టకుండా కూర్చోమని దాని అర్థం కాదు. కరిచినది ఎంత ఖరీదైన జాతి అయినా, మీ సోఫాలో నిద్రించేదైనా, ఈ మాట మారదు.

విదేశీ జాతుల మీద నాకు ద్వేషమని కొందరు అంటారు, స్వదేశీ కుక్కను పెంచమంటారు. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో ముధోల్, రాజపాలయం, చిప్పిపారై వంటి దేశీయ జాతులను పొగిడిన తరువాత ఆ సరదా కూడా మన నగరాలకు పాకింది. ముధోల్ కర్ణాటకలోని బాగల్కోటు జిల్లా మైదానాలలో పుట్టిన కుక్క. తపాలాశాఖ 2005లో దాని బొమ్మతో బిళ్ల వేసింది. సైన్యం మీరట్‌లో దానికి శిక్షణ ఇచ్చింది. గర్వించదగిన జాతే. కాని అదీ వేటకుక్కే, పైగా చూసి తరిమే వేటకుక్క. దాని సన్నని నడుము, పొడుగాటి కాళ్లు విశాలమైన ఎండుబీళ్లలో కుందేలును అందుకోవడం కోసం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఆ వేట మన దేశంలో నేరం, ఉండవలసిన నేరమే. అందువల్ల ముధోల్‌ను కొన్న నగరవాసికి బీగిల్‌ను కొన్నవాడి కంటే పెద్ద ప్రశ్న ఎదురవుతుంది. దానిని గొలుసు విప్పి పరుగెత్తనిచ్చే కంచె వేసిన నేల ఎక్కడుంది? ఫ్లాటులో బంధించడానికి పాస్‌పోర్టుతో పని లేదు. స్వదేశీ కుక్క బాల్కనీలో స్వదేశీగానే కుమిలిపోతుంది.

"మా బీగిల్ ఎంతో నెమ్మదిగా ఉంటుంది, మీరు అతిగా రాస్తున్నారు" అని వచ్చే ఉత్తరాలకు ముందే జవాబిస్తున్నాను. అటువంటి ఇళ్లు ఉన్నాయి, నేను చూశాను. ఆ ఇళ్లలో తెల్లవారకముందే ఎవరో ఒకరు చెప్పులేసుకుంటారు. ఆ నెమ్మది జాతి గుణం కాదు, ఆ మనిషి చెమట. వేరొక రకం నెమ్మది కూడా ఉంది. నాలుగైదేళ్లు అరిచి, గీకి, ఎవరూ రాకపోయేసరికి కుక్క ఊరుకుంటుంది. లావెక్కి, మూలన పడుకొని, పిలిస్తే తోక ఒక్కసారి కదిలిస్తుంది. "పెద్దదై బుద్ధిమంతురాలైంది" అంటారు యజమానులు. మనుషుల వార్డులో అటువంటి రోగిని చూస్తే మేము బుద్ధి అని రాయం.

కొనదలచినవారికి నాదొక షరతు. ముందు పట్టీ ఒక్కటే కొనండి. దానిని తలుపు పక్క మేకుకు తగిలించండి. తొంభై రోజులపాటు ప్రతి ఉదయం ఐదున్నరకు ఆ ఖాళీ పట్టీ చేతపట్టుకొని ఇంట్లో ఒకరు నలభై నిమిషాలు నడవండి, సాయంత్రం మరొక అరగంట. వానలో, పెళ్లిళ్ల ముహూర్తాలలో, పరీక్షల కాలంలో, జలుబు చేసినప్పుడు కూడా. క్యాలెండరులో గుర్తు పెట్టండి. తొంభైలో ఎనభై దాటితే అప్పుడు కుక్క సంగతి ఆలోచించండి. దాటకపోతే మీకు ఖర్చయినది పట్టీ ధర. ఒకవేళ నిజంగా గుండెకోసమే అయితే, ఆ తొంభై రోజుల నడకతో మీకు రావలసిన మేలు కుక్క లేకుండానే రావడం మొదలై ఉంటుంది.

ఇప్పటికే తెచ్చుకున్నవారిని వదిలించుకొమ్మని నేను చెప్పను. వదలడం నేరమని పైన రాశాను. మీ దినచర్య మార్చండి. వేసవిలో తెల్లవారకముందే, మళ్లీ చీకటిపడ్డాకే నడిపించండి. అరచేతి వెనుకభాగం ఏడు సెకన్లు ఆనించలేని రోడ్డు మీద దాని పాదాలు పెట్టించకండి. వయసు మళ్లినవారు పట్టీని మణికట్టుకు చుట్టుకోకండి, బూట్లు వేసుకోండి, మెడపట్టీకి బదులు ఛాతీకి తగిలించే రకం వాడండి. అది తినే రోజువారీ తిండిలో సగం గిన్నెలో పోయకుండా గది మూలల్లో, తువ్వాలు మడతల్లో, అట్టపెట్టెల్లో దాచి వెతకనివ్వండి. పావుగంట వెతుకులాటకే అది అలసి పడుకోవడం చూస్తారు. ఈ సాయంత్రం వాచ్‌మన్‌ను పిలవకుండా మీరే కిందికి దిగండి. ఏ చెట్టు మొదట్లోనో ఆగి అది అయిదు నిమిషాలు వాసన చూస్తూ నిలబడితే, ఫోను జేబులో పెట్టుకొని మీరూ నిలబడండి. పట్టీ గుంజకండి.